ఇంటి ముందర బాగుచేసుకునేది ఎట్లా: తిరుపతి బైరాగిపట్టెడ నుంచి కొన్ని మాటలు

ఇల్లు అందంగా కనబడాలి అనుకోగానే అందరం రంగుల అంగడికి పోతాం. నేనైతే ముందు రోడ్డు దాటి అవతల పక్క నిలబడమంటాను. పొద్దున ఒకసారి, సాయంత్రం నాలుగు గంటల ఎండలో ఒకసారి చూడండి. రోజూ ఇంట్లోకీ బయటికీ తిరిగే మన కంటికి ఆననివి అక్కడ కనబడతాయి. సన్‌షేడ్ కింద నల్లటి చారలు, మీటరు పెట్టె దగ్గర వేలాడే కేబుల్ వైర్లు, తుప్పు పట్టిన గేటు, కాలవ మీద పగిలిన బండ. కాగితం మీద రాసుకోండి. రంగు ఆ పట్టీలో ఆఖరున ఉండాలి.

మొదట నీళ్ల సంగతి. మన తిరుపతిలో గోడలను ఎక్కువ పాడుచేసేవి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టుకునే ఈశాన్య రుతుపవనాల వానలు. మిద్దె మీది నీళ్లు పోయే గొట్టం పొట్టిగా ఉంటే ధార గోడ మీదే జారి చారలు కడుతుంది. గొట్టాన్ని నేలదాకా దించండి. సన్‌షేడ్ అంచు అడుగున సన్నటి గాడి పెట్టించండి. నీటి బొట్టు ఆ గాడి దగ్గరే తెగి కింద పడుతుంది, గోడ దాకా పాకదు. చిన్న పనే, కానీ దీన్ని వదిలేసి ఎంత ఖరీదైన రంగు వేయించినా ఆ వానాకాలానికే చారలు మళ్లీ వస్తాయి.

గోడ అడుగున తెల్లగా ఉప్పు పొంగుతుంటే దాని మీద పుట్టీ పెట్టొద్దు. చెమ్మ ఎక్కడినుంచి వస్తుందో కనుక్కుని ఆపండి. గోడ ఆరినాక ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి. నీళ్లు పోసి కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. కొత్తగా సిమెంటు పూసిన చోట 28 రోజులన్నా ఆగి రంగు వేయాలి. పాత సున్నపు గోడకైతే నేరుగా ఎమల్షన్ పట్టదు, పొరలు పొరలుగా లేస్తుంది. ఊడే సున్నమంతా గీకి, రంగు పట్టేందుకు ముందు వేసే ప్రైమర్ కొట్టాలి, లేదంటే మళ్లీ సున్నమే వేయాలి. పాత మట్టి గోడలకు నేను సున్నమే వేయమంటాను. లోపలి చెమ్మను అది బయటికి పోనిస్తుంది.

రంగు విషయంలో నా అభిప్రాయం గట్టిదే. పడమటి ముఖం గోడకు ముదురు నీలం, ముదురు ఎరుపు వద్దు. మన ఎండకు తొందరగా వెలిసిపోతాయి, ఇంట్లో వేడి కూడా పెరుగుతుంది. గోడంతా లేత రంగు వేసి, తిన్నె (అరుగు) అంచుకో గడప పక్కనో సున్నం, కావి పట్టెలు పెట్టి చూడండి. గుడి గోడల మీద తరతరాలుగా చూస్తున్న జత అది, మన ఊరి వెలుతురుకు సరిగ్గా ఒదుగుతుంది.

ఇక తిన్నె. నా మనసంతా దీని మీదే ఉంది. కొత్త ఇళ్లలో కాంపౌండు గోడ ఎత్తుగా లేపి తిన్నె తీసేస్తున్నారు. తావుంటే గేటు పక్కన, మీ స్థలంలోనే, వీధి వైపు తిరిగి ఒకటి కట్టించండి. పదహారు అంగుళాల ఎత్తు, పదిహేను నుంచి పద్దెనిమిది అంగుళాల వెడల్పు చాలు. పైన కడప బండ వేయొచ్చు, కానీ నీడ ఉండాలి. నల్లబండ ఎండకు కాలిపోతుంది. సాయంత్రమైతే మా పక్కింటి అవ్వ వచ్చి కూర్చుంటుంది, ఆమెను చూసి ఇంకో ఇద్దరు వస్తారు. మూటలు మోసుకుని నడిచే యాత్రికులు "అమ్మా, కాసేపు కూర్చుంటాం" అంటారు. "కూర్చోండి నాయనా" అని చెంబుతో నీళ్లిస్తే వాళ్లకు మన ఇల్లు గుర్తుండిపోతుంది. మనుషులు ఆగి కూర్చునే ఇంటికి వచ్చే కళ ఏ టైల్సుతోనూ రాదు.

మెట్లకు మాత్రం నునుపు రాయి వద్దు. కల్లాపి నీళ్లు పడితే కాలు జారుతుంది. గరుకు వైపు పైకి ఉంచమని మేస్త్రీ అన్నకు ముందే చెప్పండి. వాకిలంతా కాంక్రీటు పోసేయకుండా ఒక పట్టీ మట్టి నేల వదలండి. వాన నీళ్లు ఇంకుతాయి, తడి మట్టి మీద ముగ్గు నిలుస్తుంది. బండి ఎక్కించే వాలును రోడ్డు మీదికో, కాలవకు అడ్డంగానో పోయొద్దు. 2021 నవంబరులో నగరంలో ఎన్ని కాలనీలు నీట మునిగాయో మనం చూసినాము. కాలవ మీద లేపి శుభ్రం చేసుకునే బండలే ఉంచండి.

చెట్లలో మన ఎండకు తట్టుకునేవి నందివర్ధనం, పారిజాతం, గేటు మీదికి పాకించడానికి కాగితం పూలు. గన్నేరు మొండిగా బతుకుతుంది కానీ విషం, చిన్నపిల్లలుంటే వద్దు. వీధికి నీడ కావాలంటే కానుగ. కొండ కింది కపిలతీర్థం వైపు ఉండేవాళ్లు ముందర జామ పెడితే కోతులు తప్పవు.

గేటు తుప్పు ఉప్పుకాగితంతో (శాండ్ పేపరు) గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టి, ఆరినాక ఎనామిల్ రంగు రెండు పూతలు వేయండి. డోరు నంబరు వీధిలోనుంచి కనబడేంత పెద్దగా రాయించి, పైన, వెలుతురు కిందికి పడేటట్టు పసుపు బల్బు పెట్టండి.

ఇవన్నీ ఎట్లా ఉండాలో తేల్చుకోవాలంటే ఊరు తిరగాలి. తెల్లవారుజామున గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో నడవండి. ఏడంతస్తుల గోపురం వైపు చూపు పోయినా, పాత ఇళ్ల తలుపులనూ మెట్లనూ కూడా గమనించండి. వానలు బాగా పడిన వారంలో కపిలతీర్థానికి పోయి కొండ మీదినుంచి దూకే నీళ్లు చూసి, వచ్చేటప్పుడు పెద్ద రోడ్డు వదిలి లోపలి వీధుల్లో రండి. నచ్చిన గేటు కనబడితే ఇంటివాళ్లను అడగండి, ఏ కమ్మరి చేశాడో సంతోషంగా చెబుతారు.

గోడల రంగు ఫిబ్రవరి, మార్చిలో ముగించండి. మే ఎండలో రంగు మరీ తొందరగా ఆరి బ్రష్ గీతలు పడతాయి. గేటు పని ఏప్రిల్ రెండోవారం లోపల పెట్టుకోండి. మేలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది, వేషాలు వేసుకున్నవాళ్లు వీధివీధీ తిరుగుతారు. ఆ వారంలో మేస్త్రీలు దొరకడం కష్టం, వాళ్లూ జాతరలోనే ఉంటారు.