పాలమూరు, నల్గొండకు తిరిగొచ్చినవారికి: బాల్కనీలో బట్టల హ్యాంగర్ పెట్టించే ముందు

గల్ఫ్‌లోనో అమెరికాలోనో చాన్నాళ్లు ఉండి వచ్చి నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఫ్లాట్‌లో దిగినవారికి మొదటి వారంలోనే వచ్చే ప్రశ్న, బట్టలెక్కడ ఆరేయాలని. డ్రయర్ కొనే పని లేదు. ఎండలు మండిపోయే ఊళ్లివి. మిద్దె మీద దండెం ఉంటుంది కానీ, తడి బకెట్ మోసుకుని మెట్లెక్కాలి, మబ్బు పడితే మళ్లీ పరుగెత్తాలి. కోతులున్న కాలనీ అయితే ఇంకో టెన్షన్. అందుకే బాల్కనీ పైకప్పుకు వేలాడే హ్యాంగర్ పెట్టించుకోమంటాను, అంటే కప్పీల మీది తాళ్లతో పైకీ కిందికీ లాగే పైపులు. ఇంట్లో ఉతుక్కునే నారాయణపేట, పోచంపల్లి నూలు చీరలకు కూడా అదే మేలు. నేరుగా ఎండ తగలకుండా గాలికి ఆరితే రంగు నిలుస్తుంది.

ముందు పైకప్పు చూసుకోండి. సిమెంటు స్లాబు అయితేనే ఇది పెట్టించాలి. పాత ఇళ్లలో బండల కప్పు ఉంటే దానికి డ్రిల్ పెట్టించొద్దు, బండ పగిలే ప్రమాదం ఉంది. రేకులకు, ఫాల్స్ సీలింగ్‌కు బిగించే మాటే వద్దు. అద్దె ఇల్లయితే ఓనర్‌ను అడిగాకే పని మొదలుపెట్టండి. బాల్కనీ లైటుకు వైరు పైపు స్లాబులో ఎటు నుంచి వచ్చిందో కూడా అప్పుడే కనుక్కోండి.

పైపులు స్టెయిన్‌లెస్ స్టీలువి తీసుకోండి. పొడవు బాల్కనీ కంటే కాస్త తక్కువ ఉండాలి, లేదంటే దించినప్పుడు గోడకు కొట్టుకుంటాయి.

అసలు పని డ్రిల్లింగ్‌లోనే ఉంది. బిట్ మొదట ప్లాస్టరింగ్‌లో మెత్తగా దిగిపోతుంది. కాంక్రీటు తగలగానే శబ్దం మారుతుంది, మిషన్ చేతిని వెనక్కి తంతుంది. అక్కడి నుంచి ఇంకా లోపలికి పోవాలి. చాలామంది పనివాళ్లు రంధ్రంలో ప్లాస్టిక్ గిట్టి (స్క్రూ పట్టుకునే చిన్న గొట్టం) కొట్టి స్క్రూ బిగించి వెళ్లిపోతారు. గోడకు ఫొటో తగిలించడానికి గిట్టి సరిపోతుంది. పైకప్పు నుంచి రోజూ కిందికి లాగే బరువుకు మెల్లగా జారిపోతుంది. అందుకే ఇనుప యాంకర్ ఫాస్టెనర్లే (బిగించేకొద్దీ రంధ్రంలో విచ్చుకుని కాంక్రీటును పట్టుకునే బోల్టులు) వేయమని పట్టుబట్టండి, అవసరమైతే మీరే కొని చేతికివ్వండి. రంధ్రంలో పొడి మొత్తం ఊదేశాకే ఫాస్టెనర్ దిగాలి. లోపల ఇనుప చువ్వ తగిలితే దాన్ని కోయించకుండా ఆ పాయింటును కాస్త పక్కకు జరిపించండి. తల పైకెత్తి చేసే పని కాబట్టి పనిచేసే అతని కళ్లకు అద్దాలుండేలా చూడండి.

అతను వెళ్లకముందే ఒక్కో పైపును దించి, సగం నీళ్లు పోసిన బకెట్ మధ్యలో తగిలించి పైకి లాగి చూడండి, కింద మాత్రం ఎవరూ నిలబడొద్దు. బ్రాకెట్ కదిలినా, చుట్టూ ప్లాస్టరింగ్ చిట్లినా మళ్లీ బిగించాల్సిందే. జీన్స్, దుప్పట్లు పిండకుండా ఆరేయొద్దు. బోరునీళ్లు వాడే ఇళ్లలో కప్పీల మీద తెల్లటి పొర కడుతుంది, తడిగుడ్డతో తుడుస్తూ ఉంటే తాడు సాఫీగా జారుతుంది.

చిన్నపిల్లలున్న ఇంట్లో తాళ్ల సంగతి మరీ ముఖ్యం. వేలాడే తాడు ఉచ్చులా మెడకు పడగలదు. తాళ్లు చుట్టే కొక్కేన్ని పిల్లలు కుర్చీ ఎక్కినా అందనంత ఎత్తులో పెట్టించండి, బట్టలు తీసిన ప్రతిసారీ తాడు పూర్తిగా దానికే చుట్టేయండి. నూలు లేచిన తాడును తెగేదాకా ఉంచకుండా వెంటనే మార్పించండి.