శాన్ ఆంటోనియో మిషన్లు ఒక్క రోజులో చూడాలంటే

ఆస్టిన్ నుంచో డాలస్ నుంచో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో వెళ్లే మనవాళ్లు చాలామంది అలమో ముందు ఫొటో దిగి, రివర్ వాక్‌లో పడవెక్కి తిరిగొచ్చేస్తారు. 1718లో మొదలైన అలమో కూడా మిషనే, అంటే స్థానికులను క్రైస్తవంలోకి మార్చడానికి స్పానిష్ ఫాదర్లు చర్చి చుట్టూ కట్టిన ఊరు లాంటిది. కాకపోతే అక్కడ వినిపించేదంతా మెక్సికో సైన్యంతో టెక్సస్ వాళ్లు చేసిన 1836 యుద్ధం కథ. స్పానిష్ మిషన్ అసలు ఎలా ఉండేదో తెలియాలంటే నది వెంట దక్షిణాన ఉన్న నాలుగూ చూడాలి. ప్రవేశం ఉచితం, ఒక్కోదానికీ మధ్య రెండు మూడు మైళ్లు.

ఆదివారం వద్దు. ఇవి ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చిలు. మాస్ నడుస్తుంటే లోపల తిరగడం బాగుండదు. శనివారం పెళ్లిళ్లుంటే తలుపు మూసే ఉండొచ్చు. వేసవిలో టోపీ, మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పవు. పెద్ద వాన పడ్డాక నదిపక్క దారి మునుగుతుంది, కారులోనే వెళ్లండి.

1. పొద్దున్నే దక్షిణ కొసన ఉన్న ఎస్పాడాతో మొదలుపెట్టండి. చర్చి చిన్నది, పావుగంట చాలు. దగ్గర్లోని కాలువ వంతెనను మాత్రం వదలొద్దు. 1740ల్లో కట్టిన ఈ రెండు కమానుల రాతి వంతెన మీదుగా కాలువ నీళ్లు ఇప్పటికీ వాగు దాటుతున్నాయి. మోటారు లేదు, అంతా పల్లం లెక్కే. ఈ కాలువలు లేకపోతే ఇక్కడ పంట లేదు, పంట లేకపోతే మిషనే లేదు.

2. శాన్ హువాన్‌లో అలాంటి కాలువ నీటితోనే సాగయ్యే పొలం చూసి ముందుకెళ్లండి.

3. మధ్యాహ్నానికి శాన్ హోసే. ముందు విజిటర్ సెంటర్‌లో సినిమా చూడండి. తర్వాత ప్రహరీ గోడలోనే కట్టిన ఇరుకు గదుల్లోకి దూరండి. ఇక్కడి ఆదివాసులైన కోవాహ్విల్‌టెకన్ కుటుంబాలు ఉన్నది వీటిలోనే. అపాచీలనే మరో తెగ దాడుల భయంతో లోపలికొచ్చినవాళ్లు భాషా ఆచారాలూ పోగొట్టుకున్నారు. మశూచి చాలామందిని మింగేసింది. ఇక్కడ కనిపించేదంతా పాతది కాదు. 1874లో గుమ్మటం కూలింది, చాలా భాగం 1930ల్లో తిరిగి కట్టారు. దక్షిణ గోడకున్న రోజ్ విండో అనే రాతి కిటికీ చెక్కడం మాత్రం అప్పటిదే.

4. చివరికి కాన్సెప్సియోన్. ముఖద్వారం పడమటికి ఉంది కాబట్టి ఫొటోకి సాయంత్రం వెలుగే మంచిది. అయితే 5 గంటలకల్లా మూసేస్తారు, నాలుగుకే చేరండి. 1755 నాటి ఈ చర్చి కూలలేదు, తిరిగి కట్టలేదు. పక్క గదిలో తలెత్తి చూస్తే సున్నపు కప్పు మీద మీసాలున్న సూర్యుడి ముఖం కనిపిస్తుంది. రంగు వెలిసిపోతోంది, ఫ్లాష్ ఆపేయండి.