చిన్న స్కేల్‌లో డీజిల్ ఇంజిను, 7వ పాఠం: నాలుగు సైడ్ ఫ్రేములకు రెండు అచ్చులు

కిందటి పాఠంలో మన రైల్వే డీజిల్ ఇంజిను డబ్ల్యూడీఎం-2 మోడల్ కోసం, బోగీకి సైడ్ ఫ్రేములు (పక్క నుంచి కనిపించే చట్రాలు) రెజిన్‌తో పోత పోసుకోమన్నాను. చేసినవాళ్లలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. ముందు బోగీకి ఫ్రేము చక్కగా కూర్చుంది. అదే అచ్చులో తీసిన రెండోది అదే వైపున వెనక బోగీకి పెడితే, చివరి రెండు యాక్సిల్ బాక్సులూ (ఇరుసు కొసలను పట్టి ఉంచే పెట్టెలు) చక్రాలకు ఎదురుగా వచ్చాయి, నడిమిది మాత్రం పక్కకు జరిగింది. మీ పోతలో లోపం లేదు. ఒక్క అచ్చు చాలదని నేను ముందే చెప్పాల్సింది. అందుకే బ్రేకు పైపులను వచ్చే పాఠానికి జరిపాను.

(మన వాడుకలో బోగీ అంటే రైలు పెట్టె. ఈ పాఠాల్లో మాత్రం ఇంజిను కింద చక్రాలను మోసే ఉక్కు చట్రం.)

ఈ ఇంజిను అమెరికా కంపెనీ ఆల్కో డిజైన్. కింద ఉండేది ట్రైమౌంట్ అనే రకం బోగీ. మూడు ఇరుసులకు మూడు మోటార్లు, ఇరుసుల మధ్య ఖాళీలేమో రెండే. అందుకే ఒక ఖాళీలో రెండు మోటార్లు, రెండో దాంట్లో ఒకటి సర్దారు. రెండు మోటార్లున్న ఖాళీ వెడల్పు ఎక్కువ. అంటే నడిమి ఇరుసు సరిగ్గా నడుమ ఉండదు. ఇంజిను వెనక వైపున ఇదే బోగీని 180 డిగ్రీలు తిప్పి పెడతారు. కాబట్టి ఒకే వైపు నుంచి చూస్తే ముందు ఫ్రేము, వెనక ఫ్రేము అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా ఉంటాయి.

అచ్చులు రెండు కావాలి. ముందు ఎడమది, వెనక కుడిది ఒక అచ్చు. ముందు కుడిది, వెనక ఎడమది ఇంకో అచ్చు. మూలకు మూల అని గుర్తుపెట్టుకోండి. 3డీ ప్రింట్ చేసేవాళ్లు మిర్రర్ కొడితే రెండోది వచ్చేస్తుంది. కానీ స్పీడోమీటర్ కేబుల్ లాంటి, ఒక్కచోటే ఉండే వివరాలను అప్పటికే ఫైల్లో గీసి ఉంటే అవి కూడా అటు ఎక్కుతాయి. నేను వాటిని ఫైల్లో గీయను. ప్రింట్ అయ్యాక సన్నని రాగి తీగతో పెట్టుకుంటాను.

ఇక నన్ను నిజంగా బాధపెట్టిన పని. కొందరు రెండు ఖాళీలనూ సమానం చేసి, నాలుగింటికీ ఒకటే ఫ్రేము వాడేశారు. దయచేసి అలా చేయకండి. ఈ ఇంజిను నడకంతా ఆ ఎగుడుదిగుడు దూరాల్లోనే ఉంది. కాజీపేటలోనో గుత్తిలోనో ప్లాట్‌ఫాం మీద నిలబడి దీన్ని చూస్తూ పెరిగినవాళ్లకు, సమానం చేసిన బోగీ కనిపిస్తే ఏదో తేడా ఉందని వెంటనే తెలిసిపోతుంది. ఎందుకు అలా చేశారని అడిగితే, ఫోటోలో సమానంగానే ఉన్నాయన్నారు. ఆ ఫోటోలు ఏటవాలుగా తీసినవి. కెమెరాకు దూరంగా ఉన్న ఖాళీ కుదించుకుపోతుంది. వెడల్పు ఖాళీ దూరంగా పడితే రెండూ సమానంగా కనిపిస్తాయి. నడిమి చక్రానికి సూటిగా ఎదురుగా, వీలైనంత వెనక్కి నిలబడి తీసిన ఫోటోనే కొలతకు పనికొస్తుంది. క్యాబ్ మీద నంబరు సరిగ్గా చదవగలుగుతున్నారో లేదో కూడా చూడండి. ఫోటో తిరగబడి ఉంటే మీ అచ్చులూ తిరగబడతాయి.

చక్రాన్ని కొలబద్దగా వాడకండి. కొత్త చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లు, అరిగేకొద్దీ తగ్గుతుంది. మొదటి ఇరుసు నుంచి మూడో ఇరుసుకు ఉన్న దూరం, 3810, మారదు. 87కు 1 స్కేల్‌లో అది 43.8 మిల్లీమీటర్లు. దాన్ని ఆధారంగా పెట్టుకుని ఫోటోలోంచి నడిమి ఇరుసు స్థానం తీయండి.

దీని తర్వాతి రూపమైన డబ్ల్యూడీఎం-3ఏకు కూడా ఈ లెక్కే. గూడ్సు ఇంజిను డబ్ల్యూడీజీ-3ఏ పైన చూడటానికి దగ్గరగానే ఉన్నా, కింద బోగీ వేరు. ఈ అచ్చులు దానికి వాడకండి.

గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) గురించి అడిగినవాళ్లకు: మన బ్రాడ్‌గేజ్ 1676 ఈ స్కేల్‌లో 19.3 అవుతుంది, మనం వాడే పట్టాలు 16.5. చక్రాలు లోపలికి ఉంటాయి. ఫ్రేములను మాత్రం అసలు వెడల్పులోనే ఉంచండి. పక్క నుంచి చూసినప్పుడు ఆ ఖాళీ తెలియదు.

అభ్యాసం: రెజిన్ ముట్టుకోకముందు, ప్రదర్శనకు పెట్టిన ఒక ఇంజినును రెండు వైపులా చూసి, నాలుగు ఫ్రేములనూ మన 87కు 1 స్కేల్‌లో అట్టమీద గీసి కత్తిరించండి. ప్రతిదాని మీద ‘ఇంజిను చివర వైపు’, ‘ట్యాంకు వైపు’ అని రాయండి. ఎదురెదురు మూలలవి ఒకదానిమీద ఒకటి పెడితే అంచులు, ఇరుసు గుర్తులు అన్నీ కలవాలి. నడిమి ఇరుసు అర మిల్లీమీటరు తేడా వచ్చినా మళ్లీ గీయండి. నేను మూడుసార్లు గీశాను.