మిన్నెసోటా చలిలో మన కూరగాయలు: మొదటి ఏడాది పెరటి తోట

పెరట్లో నాలుగు మొక్కలు వేసుకుందాం అనుకుంటే విత్తనాల కంటే ముందు క్యాలెండర్ చూడండి. మినియాపొలిస్ చుట్టుపక్కల మే మొదటి రెండు వారాల దాకా మొక్కల్ని మాడ్చేసే ఫ్రాస్ట్ (రాత్రి గడ్డకట్టే చలికి ఆకుల మీద పేరుకునే మంచు) పడొచ్చు, అక్టోబర్ వచ్చేసరికి మళ్లీ మొదలు. వంకాయ, మిర్చి కోరుకునే వేడి మాత్రం జూన్ నుంచి ఆగస్టు వరకే. ఏప్రిల్ చివర్లో రెండ్రోజులు ఎండ కాయగానే స్టోర్లలో టమాటా మొక్కలు పెట్టేస్తారు, అప్పుడే కొనకండి.

దక్షిణం వైపు, రోజుకి కనీసం 6 గంటలు ఎండ పడేచోట 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, అడుగు ఎత్తు రెయిజ్డ్ బెడ్ (చుట్టూ అంచు కట్టి మట్టి నింపిన ఎత్తు మడి) ఒక్కటి చాలు. ఎత్తుగా ఉన్న మట్టి నేల కంటే త్వరగా వేడెక్కుతుంది. కంపోస్ట్ కలిపిన మట్టి 32 ఘనపుటడుగులు పడుతుంది, సంచులు మోసే కంటే లోడు తెప్పించుకోవడం నయం. నేల తవ్వే పని ఉంటే ముందు 811కి ఫోన్ చేయండి, గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. దగ్గర్లో బ్లాక్ వాల్‌నట్ చెట్టుంటే, పక్కింటివాళ్లదైనా సరే, చోటు మార్చండి, దాని వేర్ల దగ్గర టమాటా, వంకాయ బతకవు.

మార్చిలో ఇంట్లోనే వంకాయ, మిర్చి నారు పోయండి. కిటికీ వెలుతురుని నమ్ముకుంటే మొలకలు సన్నగా సాగి పడిపోతాయి, కాబట్టి పైన ఎల్ఈడీ లైటు పెట్టి రోజుకి 14 గంటలైనా వెలగనివ్వండి. బీర, సొర మాత్రం ఏప్రిల్ చివర్లో విడివిడి కప్పుల్లో వేయాలి, వేర్లు కదిలిస్తే వాటికి నచ్చదు. ఈలోగా ఏప్రిల్‌లో మంచు కరిగి మట్టి పొడిపొడిగా విడుతుంటే మెంతి, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి బయటే చల్లేయొచ్చు, వాటికి చలి ఓ లెక్క కాదు.

నారుని ఓ వారం రోజులు, మొదట నీడలో గంటసేపు, తర్వాత కొంచెం కొంచెం ఎక్కువసేపు బయటపెట్టి అలవాటు చేసి, మే నెలాఖరులో నాటండి. చుట్టూ రెండడుగుల కోళ్ల జాలీ తప్పనిసరి, లేకపోతే కుందేళ్లకి విందే.

ఇక్కడి వేసవి పగళ్లు మరీ పొడుగు. గోంగూరకి అదే వరం, పూతకి రాకుండా సెప్టెంబర్ దాకా ఆకు మీద ఆకు వేస్తూనే ఉంటుంది. మన పందిరి చిక్కుడుకి అదే శాపం: తీగ కంచె ఎక్కి పోతుంది గానీ, పగలు తగ్గాక పూత వచ్చి పిందె పడేలోపు చలి కొట్టేస్తుంది. చిక్కుడు మీద మనసు చంపుకుని పొట్టి బీన్స్ వేసుకోండి. బీర, సొరలకి మొదట వచ్చేవన్నీ మగపూలే, టెన్షన్ పడొద్దు. ఈ తీగల పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, తేనెటీగలు అప్పటికి ఇళ్లకెళ్లిపోయి ఉంటాయి. కాబట్టి మీరే ఒక మగపువ్వు తెంపి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలో రుద్దండి.

సెప్టెంబర్‌లో ఫ్రాస్ట్ వార్నింగ్ వచ్చిన రాత్రి పాత దుప్పట్లు కప్పితే మిర్చి ఇంకొన్నాళ్లు కాస్తుంది. అక్టోబర్‌లో బెడ్ ఖాళీ చేసి వెల్లుల్లి రెబ్బలు గుచ్చి, పైన మందంగా ఎండుగడ్డి పరిచేయండి, జూలైలో తవ్వుకోవచ్చు.