విశాఖ సిటీ బస్సుల్ని నెట్‌వర్క్ బొమ్మగా గీయడం ఎలా?

నెట్‌వర్క్ బొమ్మ అంటే స్టాపుల్ని చుక్కలుగా, వాటి మధ్య సంబంధాల్ని గీతలుగా చూపే పటం. దాన్ని గీయడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీటు, గెఫీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, రోజూ బస్సెక్కేవాళ్లకి ఉండే తెలివిడి చాలు. కాకపోతే ముందు ప్రశ్న తేల్చుకోండి, లేకపోతే చివరికి చేతిలో మిగిలేది చిక్కుపడ్డ నూలుండే. మన ప్రశ్న: ఏ జంక్షన్ ఆగిపోతే ఊరికి ఎక్కువ దెబ్బ?

1. గీత అంటే ఏంటో నిర్ణయించుకోండి

స్టాపు ఒక చుక్క, సరే, మరి గీత? చాలామంది దీన్ని ఆలోచించకుండానే దాటేస్తారు. వరుసగా వచ్చే స్టాపుల మధ్య మాత్రమే గీత గీస్తే (పరిశోధకులు దీన్ని ఎల్-స్పేస్ అంటారు) ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని స్టాపులో తెలుస్తుంది. అలా కాకుండా ఒకే బస్సు ఆగే ప్రతి రెండు స్టాపుల్నీ కలిపేస్తే అది పీ-స్పేస్, అందులో దూరం అంటే ఎన్ని బస్సులెక్కాలి అన్న లెక్క. 222 నంబర్ బస్సెక్కితే ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి తగరపువలసకి మధ్యలో ఎన్ని స్టాపులున్నా పీ-స్పేస్‌లో ఒక్క గీతే. బస్సు మారడమే మీ టెన్షన్ అయితే ఇది వాడండి, దారి తెగడం గురించైతే మొదటిది. మనకి మొదటిదే కావాలి.

2. పట్టిక రాయండి

రెండు కాలమ్‌లు, పైన సోర్స్, టార్గెట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో. కింద వరుసకో జత: ఒక స్టాపు, దాని పక్కనే వచ్చే స్టాపు. పేర్లు మాత్రం జాగ్రత్త. మనం 'ఎన్ఏడీ' అంటాం, 'ఎన్ఏడీ కొత్తరోడ్డు' అంటాం, 'కొత్తరోడ్డు' అని కూడా అంటాం, కంప్యూటర్‌కి అవి మూడు వేర్వేరు ఊళ్లు. కాంప్లెక్స్, ద్వారకా బస్ స్టేషన్ కూడా అంతే. ఈ పని విసుగే, కానీ సగం తప్పులు ఇక్కడే పుడతాయి. సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 సీఎస్‌వీ ఎంచుకోండి, లేదంటే తెలుగు అక్షరాలు చెడిపోతాయి.

3. గెఫీలోకి తెచ్చి పరచండి

ఫైల్ మెనూలో ఇంపోర్ట్ స్ప్రెడ్‌షీట్, రకం అన్‌డైరెక్టెడ్ (అంటే గీతకి దిశ ఉండదు). తర్వాత లేఅవుట్‌లో ఫోర్స్ అట్లాస్ 2 నొక్కండి. 2014లో దీని గురించి పరిశోధన పత్రం వచ్చింది. చుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, గీతలు దగ్గరికి లాగుతాయి, అంతే. అందుకే భీమిలి బొమ్మలో ఎడమవైపు కింద పడినా కంగారు పడొద్దు, ఆ స్థానానికి దిక్కుల అర్థమేమీ లేదు.

4. కీలకమైన జంక్షన్ వెతకండి

1977లో ఫ్రీమన్ అనే సామాజిక శాస్త్రవేత్త బిట్వీన్‌నెస్ అనే కొలతని నిర్వచించాడు: మిగతా జతల మధ్య అతి దగ్గర దారులు ఈ చుక్క మీదుగా ఎంతగా పోతున్నాయి అని. గెఫీలో ఆ పేరుతో వెతికితే దొరకదు, స్టాటిస్టిక్స్‌లో నెట్‌వర్క్ డయామీటర్ రన్ చేస్తే ఇదీ వస్తుంది (ఎందుకలా పెట్టారో వాళ్లకే తెలియాలి). ఈ కొలత ఎక్కువున్న చుక్క పెద్దగా కనిపించేలా సైజుని దానికి కట్టండి.

ప్రాంతాలుగా రంగులు వేయాలంటే స్టాటిస్టిక్స్‌లోనే మాడ్యులారిటీ ఉంది, తమలో తాము ఎక్కువ గీతలున్న చుక్కల్ని గుంపులుగా విడదీస్తుంది. అది వాడేది 2008 నాటి లూవాన్ పద్ధతి. ఆ పద్ధతిలో ఒకే గుంపులోని చుక్కలు లోపల అసలు కలవకుండా ఉండే ప్రమాదం ఉందని 2019లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించి, దాన్ని సరిచేసే పద్ధతి ఇచ్చారు. వీలైతే గెఫీకి అదనంగా చేర్చుకునే లైడెన్ ప్లగిన్ వాడండి.

5. తీసేసి చూడండి

ఒక జంక్షన్ ఆగిపోతే ఏమవుతుందో చూడాలంటే దాని చుక్క తీసేయాలి. గెఫీలో పట్టిక కనిపించే డేటా లేబొరేటరీలో, చుక్కల జాబితాలో ఎన్ఏడీ వరుస డిలీట్ చేసి, స్టాటిస్టిక్స్‌లో కనెక్టెడ్ కాంపొనెంట్స్ (బొమ్మ ఎన్ని విడి ముక్కలైందో చెప్పే లెక్క) రన్ చేయండి. గాజువాక విడిపోయి వేరే ముక్కగా కనిపిస్తే, ఆ జవాబు నమ్మే ముందు మీ పట్టిక మళ్లీ చూడండి, మల్కాపురం, సింధియా మీదుగా కాన్వెంట్ జంక్షన్‌కి వెళ్లే స్టాపులు రాయడం మర్చిపోయి ఉంటారు.