కొండ బాట వీల్‌చైర్‌కి అందాలంటే ముందు టేపు పట్టుకోండి

సివిల్ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాను. కొండ మీది బాటను దివ్యాంగులకు అనువుగా ఎలా చేయాలని అడిగినవాళ్లు నా దగ్గర సిమెంటు బస్తాల లెక్క వినాలనుకుంటారు. నేను మాత్రం ముందు ఒక టేపు, రసమట్టం (మట్టంగా ఉందో లేదో బుడగతో చూపే పనిముట్టు), పదడుగుల తిన్నని అల్యూమినియం పైపు తెచ్చుకోమంటాను.

విశాఖలో కొండలకు కొదవ లేదు కానీ మొదటిసారే కంబాలకొండ లోపలి బాటల జోలికి వెళ్లకండి. అది అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ రాయి కూడా కదపకూడదు. ఎర్రమట్టి దిబ్బల్నైతే అసలు ముట్టుకోవద్దు, దారి చెక్కితే వానకి దిబ్బే కోసుకుపోతుంది. కైలాసగిరి లాంటి, పైదాకా బండి వెళ్లే చోటు చూసుకోండి. ఎక్కే బాధ బండికి వదిలేసి పైన తిరిగే దారి మీద పని చేయొచ్చు. ఆ స్థలం చూసే శాఖకి అర్జీ పెట్టేటప్పుడు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేరు తప్పకుండా రాయండి.

ఇక కొలత. పైపు ఒక కొస ఎగువ నేలకి ఆనించి, రెండో కొసను రసమట్టం సరిగ్గా చూపేదాకా ఎత్తండి. ఆ కొసకీ నేలకీ మధ్య ఎంతుందో చూడండి. 6 అంగుళాల లోపైతే బాట ఎంత దూరం సాగినా పర్వాలేదు. 10 అంగుళాలంటే 1:12, అంటే 12 అడుగుల దూరానికి అడుగు ఎత్తు, బిల్డింగుల్లో ర్యాంపుకి ఒప్పుకునే వాలు. కొండ మీద అదే వాలు ఆగకుండా సాగితే చేతులు పీకేస్తాయి. అమెరికా అటవీశాఖ నిబంధనల ప్రకారం అలాంటి వాలు ఒక్క విడతలో 200 అడుగులు దాటకూడదు, ఆ తర్వాత మట్టంగా ఆగే చోటు ఉండాలి. మన ఉక్కపోతకి అందులో సగం దూరానికే ఆపాలని నా అభిప్రాయం. 12 అంగుళాలు దాటిన చోట నేరుగా ఎక్కించకండి, బాటనే చుట్టు తిప్పండి.

వెడల్పు కనీసం 3 అడుగులు, అక్కడక్కడా ఎదురెదురు కుర్చీలు తప్పుకోవడానికి 5 అడుగులు ఉండాలి. ఇది చాలామందికి తెలుసు. మరిచిపోయేది గేటు. బైకులు రాకుండా అడ్డంగా పైపులు పాతేస్తారు. మా బావమరిది వీల్‌చైర్ అక్కడే ఆగిపోయింది. "బావా, కొండ సంగతి తర్వాత, ముందు దీన్ని దాటించు" అన్నాడు. పైపుల మధ్య 3 అడుగుల సందు వదిలితే చాలు.

నేల గట్టిగా ఉండాలి, కదలకూడదు. గ్రావెల్ మీద క్రషర్ డస్ట్ (రాతి పొడి) వేసి, తడిపి, రోలర్ తిప్పితే సరిపోతుంది. ఊడిపోయే కంకర చిప్స్ మాత్రం వద్దు, ముందు చిన్న చక్రాలు కూరుకుపోతాయి. వాన నీరు పోవడానికి అడుగు వెడల్పుకి పావు అంగుళం పక్క వాలు ఇవ్వండి. అంతకన్నా బాగా ఎక్కువైతే కుర్చీ లోయవైపు లాగుతుంది, నెట్టేవాళ్లకి టెన్షన్.

చూపు లేనివాళ్లకి కింద రాళ్లకన్నా పైనుంచి వంగిన కొమ్మలు ప్రమాదం, కర్రకి అవి తగలవు. 7 అడుగుల ఎత్తు దాకా కొట్టేయించండి. రెయిలింగ్ మామూలు ఇనుముతో వేయించకండి, సముద్రపు గాలికి తుప్పు పట్టి చేతులు గీరుకుంటాయి. బెంచీలకి వీపు, చేతులు రెండూ ఉండాలి, పక్కన ఒక కుర్చీ పట్టే జాగా వదలాలి. మరుగుదొడ్డి లేకపోతే ఇదంతా ఎవరూ వాడరు. దాని తలుపు కూడా 3 అడుగులు ఉండాలి, బయటికి తెరుచుకోవాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యం మొదట్లో పెట్టే బోర్డు. "అందరికీ అనుకూలం" అని రాస్తే పనికిరాదు. బాట పొడవు, ఎక్కువ వాలు ఎక్కడ, ఎంత, ఎంత వెడల్పు, నేల ఎలాంటిది, మెట్లు ఎక్కడ మొదలవుతాయి, ఇవి పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాలి. ఎంతవరకు వెళ్లాలో వచ్చినవాళ్లే తేల్చుకుంటారు. డబ్బు లేక ఏ పనీ చేయలేకపోయినా కొలిచి ఈ బోర్డు పెట్టొచ్చు.

పెట్టాక వీల్‌చైర్ వాడేవాళ్లనీ, కర్రతో నడిచేవాళ్లనీ పిలిచి తిప్పి చూడండి. తొయ్యమంటారా అని అడిగాకే కుర్చీ మీద చెయ్యి వేయండి. అక్టోబరు, నవంబరు తుఫాన్లు వెళ్లాక పైపు, టేపు తీసుకుని మళ్లీ తిరగండి. డస్ట్ కొట్టుకుపోయిన చోట మళ్లీ పోయించి, మారిన అంకెల్ని బోర్డు మీద దిద్ది, కొలిచిన తేదీ కింద వేయండి.