ఒంటిచేత్తో బ్లాక్ మెటల్ – 3వ పాఠం: ముందు డ్రమ్సా, గిటారా?

కిందటి పాఠంలో రిఫ్‌లు (తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ వరసలు) పేర్చుకుని నాలుగు నిమిషాల బ్లాక్ మెటల్ (గరగరలాడే గిటార్లతో వేగంగా సాగే మెటల్ సంగీతం) పాట కట్టుకున్నాం. ఇక రికార్డింగ్. బ్యాండులో నలుగురుంటే ఒకరు తొందరపడినా మిగతావాళ్లు సర్దుకుంటారు, పాట మొత్తం కలిసే కదులుతుంది. ఒక్కరే అన్నీ వాయించేటప్పుడు ఆ వెసులుబాటు లేదు. మొదట రికార్డయింది ఎటు పోతే మిగతావన్నీ దాని వెంట పోవాల్సిందే. కాబట్టి ఈ పాఠంలో ఎక్కువ భాగం ఆ మొదటి ట్రాక్, అంటే డ్రమ్స్ గురించే.

ఈ దారిలో నడిచినవాళ్లలో డ్రమ్మర్లు కొందరున్నారు. నార్వే బ్యాండ్ డార్క్‌థ్రోన్‌లో ఫెన్రిజ్ డ్రమ్మర్. 1994లో వచ్చిన 'ట్రాన్సిల్వేనియన్ హంగర్'కి వాద్యాలన్నీ అతనే నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద వాయించాడు. గొంతు మాత్రం నాక్టర్నో కుల్టోది. శాన్‌ఫ్రాన్సిస్కోలో లెవయథన్ పేరుతో ఒంటరిగా పనిచేసిన రెస్ట్, అమెరికాలోనే పనాప్టికాన్ నడుపుతున్న ఆస్టిన్ లన్ కూడా డ్రమ్స్ చేతిలో ఉన్నవాళ్లే. ఆ రికార్డింగుల్లో గిటార్ ఎంత గరగరలాడినా పాట చెదరకపోవడానికి కారణం కింద లయ గట్టిగా ఉండడమే. మొరటు సౌండు వేరు, లయ తప్పడం వేరు. మొదటిదాన్ని ఈ సంగీతం కోరుకుంటుంది, రెండోదాన్ని దాచలేదు.

మీకు డ్రమ్స్ వాయించడం వచ్చి, వాయించే చోటు ఉంటే ముందు గైడ్ గిటార్ (డ్రమ్స్ వాయించేటప్పుడు దారి చూపే తాత్కాలిక ట్రాక్) రికార్డ్ చేసుకోండి. క్లిక్ (టిక్ టిక్ మంటూ లయ చూపే మెట్రోనోమ్) పెట్టుకుని, నాలుగు కౌంట్లు వదిలి, పాట మొత్తం డిస్టార్షన్ (గిటార్‌ను గరగరలాడించే ఎఫెక్ట్) లేకుండా వాయించాలి. డిస్టార్షన్ ఉంటే పిక్ దెబ్బ ఎక్కడ పడిందో డ్రమ్స్ దగ్గర కూర్చున్నప్పుడు వినపడదు. తర్వాత గైడ్‌ని హెడ్‌ఫోన్‌లో వింటూ డ్రమ్స్ రికార్డ్ చేయండి. అవి బాగా వచ్చాక గైడ్‌ని తీసేయవచ్చు. పాట మధ్యలో డ్రమ్స్ ఆగి గిటార్ ఒక్కటే మోగే చోట హై-హ్యాట్ (కాలితో మూసే జంట తాళాలు) మీద చిన్నగా టిక్ టిక్ కొడుతూనే ఉండండి, మిక్స్‌లో కోసేయొచ్చు. అది లేకపోతే తర్వాత గిటార్ వాయిస్తూ మళ్లీ ఎక్కడ అందుకోవాలో తెలియక ప్రతి టేకూ అక్కడే పాడవుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు ప్రోగ్రామింగే (కంప్యూటర్‌లో డ్రమ్స్ నోట్లు రాసుకోవడమే) గతి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, కానీ లెక్క తెలియాలి. 180 బీపీఎం (నిమిషానికి ఇన్ని బీట్లు) దగ్గర పదహారో వంతు నోట్లు, అంటే బీట్‌కు నాలుగు చొప్పున, సెకనుకు 12 దెబ్బలు. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (కర్రతో కొట్టే చిన్న, పదునైన డ్రమ్) మార్చి మార్చి పడే బ్లాస్ట్ బీట్‌లో స్నేర్ వాటా అందులో సగం, 6. అంత వేగంలో మనిషి కర్రను ఎక్కువ ఎత్తుకు లేపలేడు, కాబట్టి దెబ్బ బలం తగ్గుతుంది. కొత్తవాళ్లు చేసే ప్రోగ్రామింగ్ టైప్‌రైటర్‌లా వినిపించేది ఇక్కడే: మిడి వెలాసిటీ (ప్రోగ్రామింగ్‌లో దెబ్బ బలం చెప్పే అంకె) అన్నిటికీ గరిష్ఠంగా 127 పెట్టేస్తారు. బ్లాస్ట్‌లో స్నేర్‌ని 75–90 మధ్య మార్చుతూ ఉంచండి, నెమ్మది భాగాల్లో 110–120కి పెంచండి. స్నేర్, రైడ్ (లయ నడిపే పెద్ద తాళం) నోట్లను 5 మిల్లీసెకన్ల లోపు అటూ ఇటూ జరపండి; కిక్‌ని మాత్రం కదపొద్దు. బ్లాస్ట్ మొదలయ్యే చోట టెంపోని 2–3 బీపీఎం పెంచితే చాలు, మనిషి ఊపు వచ్చేస్తుంది.

ఇంకో తప్పు చేతుల లెక్కలో జరుగుతుంది. స్నేర్, రైడ్, క్రాష్ (ఒక్కసారి గట్టిగా మోగించే తాళం) ఒకే క్షణంలో మోగాయంటే మీ డ్రమ్మర్‌కు మూడు చేతులున్నట్టు! క్రాష్ పడిన బీట్‌లో రైడ్ నోటు తీసేయండి.

గిటార్‌కి వద్దాం. ట్యూనింగ్ దగ్గర చాలామంది మోసపోతారు. తీగను మెల్లగా మీటి ట్యూనర్ చూసుకుంటారు. గట్టిగా మీటినప్పుడు తీగ మొదటి క్షణంలో శ్రుతి కాస్త పైకి పోతుంది. ట్రెమొలో పికింగ్‌లో దెబ్బ మీద దెబ్బ పడుతూ ఉంటుంది కాబట్టి అది కిందికి దిగే సందే దొరకదు. పాటలో కొట్టేంత గట్టిగా ట్రెమొలో కొడుతూనే ట్యూన్ చేసుకోండి, ప్రతి టేకు ముందూ. పిక్ మొనలో ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే తీగను దాటాలి, కదలిక మణికట్టు నుంచి రావాలి. అర నిమిషంలో ముంజేయి బిగుసుకుపోతే మోచేతితో కొడుతున్నట్టే. అప్పుడు 140 బీపీఎంకి దిగి, రెండు నిమిషాలు ఆగకుండా వాయించగలిగాకే నాలుగు బీపీఎం పెంచండి.

గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) మీరనుకున్నదానికంటే తగ్గించండి. ఎక్కువైతే సెకనుకు 12 దెబ్బలూ కలిసిపోయి ఒకే ఈల అవుతుంది. గదిలో ఒంటరిగా వింటే మిడ్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) తగ్గించిన సౌండు ఘనంగా ఉంటుంది కానీ డ్రమ్స్ రాగానే మాయమవుతుంది. మిడ్ ఉంచండి, 80–100 హెర్ట్జ్ కింద కోసేయండి. రికార్డింగ్ లెవెల్ మైనస్ 12 డీబీ దగ్గర ఉంటే చాలు.

ఎడమకు ఒక టేకు, కుడికి ఇంకో టేకు. రెండూ విడివిడిగా వాయించాలి. ఒకే టేకుని కాపీ చేసి రెండు వైపులా పెడితే అది మధ్యలోనే వినిపిస్తుంది. కాపీని 15 మిల్లీసెకన్లు జరిపితే వెడల్పు వచ్చినట్టే ఉంటుంది, మోనో (రెండు వైపులనూ కలిపి వినిపించే బటన్) నొక్కి చూడండి, గిటార్ డబ్బాలోంచి వస్తున్నట్టు బోలుగా మారుతుంది. అసలు ఈ సంగీతంలో వినిపించే ఆ చలి, ఆ పొగమంచు, రెండు టేకుల మధ్య చేతికి అందని చిన్న చిన్న తేడాల్లోంచే పుడుతుంది.

బేస్ చివర్లో. కిక్‌ని అనుసరించండి, గిటార్ కొట్టే నోట్లలో సగం కొడితే సరిపోతుంది.

క్యాసెట్ నాలుగు ట్రాకుల మీదే చేస్తామనేవాళ్లకు ఒక మాట. నాలుగు ట్రాకులూ ఒకే దిశలో పోతాయి కాబట్టి సీ-60లో (రెండు వైపులా కలిపి 60 నిమిషాల క్యాసెట్) మామూలు వేగంతో 30 నిమిషాలే, రెట్టింపు వేగంలో 15. డ్రమ్స్, గిటార్, బేస్ మూడిటినీ నాలుగో ట్రాక్‌లోకి బౌన్స్ చేశాక (కలిపి ఒకే ట్రాక్‌గా తిరిగి రికార్డ్ చేశాక) పాతవాటి మీద రికార్డ్ చేస్తే వెనక్కి రాలేరు. ప్రతి బౌన్స్‌కీ హిస్ (టేపు బుస) పెరుగుతుంది, పై ఫ్రీక్వెన్సీలు మందగిస్తాయి. అందుకని బౌన్స్‌లోకి వెళ్లేవాటిని కావాల్సినదానికంటే కాస్త పదునుగా రికార్డ్ చేయండి.

ఈ పాట నచ్చకపోతే చెరిపేయకండి, తేదీ వేసి డెమోగా పక్కన పెట్టండి. లెవయథన్ మొదటి ఆల్బమ్ 2003లో వచ్చేనాటికి రెస్ట్ చేతిలో పదికి పైగా డెమోలున్నాయి. స్విట్జర్లాండ్‌లో వింటర్ అనే ఒకే ఒక్కడు నడిపే పేసాజ్ డివేర్ 1998 నుంచి డెమోలే తెస్తూ మొదటి పూర్తి ఆల్బమ్‌ని 2020లో విడుదల చేసింది.

వచ్చే పాఠం గొంతు మీద. అప్పటికి డ్రమ్స్, రెండు గిటార్లు, బేస్ కలిపిన మిక్స్ ఒకటి సిద్ధం చేసుకోండి. మాస్టర్ (మొత్తం మిక్స్ బయటికి వచ్చే ఛానల్) మీద కంప్రెసర్, లిమిటర్ (గట్టి శబ్దాలను అదిమే ఎఫెక్టులు) ఏమీ వద్దు, పీక్ మైనస్ 6 డీబీ దాటకూడదు, మొదట్లో నాలుగు కౌంట్లు అలాగే ఉంచండి.